బోరుకిచ్చే ముందు నంబరు చూశారా?

ఇంజిన్ బోరుకొచ్చింది అంటారు మన మెకానిక్‌లు. పొగ ఎక్కువైంది, ఆయిల్ తాగేస్తోంది, ఎత్తు ఎక్కడం లేదు... ఇక మొత్తం విప్పాల్సిందే అని దానర్థం. మద్దిలపాలెంలో ఏదో పాత ఇంటి పక్క షెడ్డులో తాతగారి అంబాసిడర్ పదేళ్లుగా కదలకుండా ఉందనుకోండి. మనవడు మెకానికల్ ఫైనలియర్. 'దీన్ని నేను రోడ్డెక్కిస్తా' అన్నాడు. ఆటోనగర్ నుంచి మెకానిక్ వచ్చి చూశాడు, అడ్వాన్స్ అడిగాడు. సరిగ్గా ఇక్కడ ఆగాలి. డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కారులో ఉన్నది ఈ కారు ఇంజినేనా?

అంబాసిడర్ విషయంలో ఈ అనుమానం ఊరికే రాదు. 1950ల చివర్లో మొదలై 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు అది. పైకి అన్నేళ్లూ దాదాపు అదే రూపం. లోపల మాత్రం మారుతూ వచ్చింది. బ్రిటిష్ బి-సిరీస్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ చాలా కాలం నడిచింది. మధ్యలో డీజిల్ వచ్చింది. 1990లలో ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్ వేశారు. ఇవన్నీ కంపెనీ చేసినవి. పెట్రోల్ ఖర్చు భరించలేక ట్యాక్సీవాళ్లు, ఇళ్లవాళ్లు బయట డీజిల్ ఇంజిన్ ఎక్కించుకున్న బళ్లు అదనం. బానెట్ ఎత్తితే గానీ సంగతి తెలీదు. ఎత్తినా ఒక్కోసారి తెలీదు.

'అయితే ఏంటి, నడిస్తే చాలు కదా' అంటారా? నడపడం వరకైతే ఓకే. కానీ ఇంజిన్ మారితే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 చెప్పేది ఇదే. లేకపోతే అమ్మేటప్పుడు చిక్కు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో చిక్కు. ఆ ఇంజిన్ ఎక్కడో దొంగిలించిన బండిది అయిందంటే, పోలీసులకు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. ఇంకొకటి చాలామందికి తెలీదు. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్, కారుకు నంబర్ ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో వేరే సిరీస్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. షరతు ఏమిటంటే, బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే తొందరపడి వేరే ఇంజిన్ ఎక్కిస్తే ఆ దారి మూసుకుపోవచ్చు.

సరే, ఎలా తేల్చాలి? ముందు కాగితం. స్మార్ట్ కార్డు కాదు, దొరికితే పాత ఆర్‌సీ పుస్తకం వెతకండి. ఇంజిన్ మార్చినా, ఇంధనం మార్చినా, ఓనర్ మారినా ఆఫీసువాళ్లు వేసిన ముద్రలు అందులోనే ఉంటాయి. తర్వాత ఇంజిన్ మీది నంబరు. ఆర్టీఓ ఆఫీసులో బ్రోకర్లు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయడం చూసే ఉంటారు. అదే పని ఇంజిన్ నంబరుకూ చేయండి. మన వైజాగ్ ఉప్పుగాలికి నంబరు చెక్కిన చోట తుప్పు పేరుకుపోతుంది. గ్రైండర్, ఎమరీ పేపర్ జోలికి వెళ్లొద్దు. కిరోసిన్, మెత్తటి బ్రష్, ఓపిక చాలు. గట్టిగా గీకితే రుజువును మన చేత్తో మనమే చెరిపేసినట్టు.

నంబరు కలిసింది కదా అని సంబరపడకండి. ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్ల బి-సిరీస్ ఇంజిన్లలో నంబరు బ్లాకు మీద నేరుగా ఉండదు, ఓ చిన్న రేకు మీద కొట్టి దాన్ని బ్లాకుకు రివిట్ చేస్తారు. రేకు ఊడదీసి ఇంకో బ్లాకుకు బిగించడం ఎంతసేపు? రివిట్లు కొత్తగా మెరుస్తుంటే, రేకు చుట్టూ పెయింట్ పగిలి ఉంటే అనుమానించాల్సిందే. నేరుగా బ్లాకు మీద కొట్టిన నంబరైతే అక్షరాల కన్నా వాటి కింది నేలను చూడాలి. ఫ్యాక్టరీలో మెషిన్ చేసిన ఉపరితలం మీద ఒకే దిశలో సన్నటి గీతలుంటాయి. గ్రైండర్ పట్టినచోట వంకర గీతలు, చిన్న గుంట కనిపిస్తాయి. అంకెలు కొంచెం వంకరగా ఉన్నాయని మాత్రం దొంగ నంబరు అనేయకండి. అప్పట్లో చాలాచోట్ల చేత్తోనే సుత్తి పెట్టి కొట్టేవారు.

ఇక నాకు బాగా నచ్చే రుజువు పోత తేదీ. బ్లాకును పోత పోసేటప్పుడు అచ్చులోనే ఉబ్బెత్తు అక్షరాలతో పార్ట్ నంబరు, కొన్ని కంపెనీలైతే తేదీ కూడా వేస్తాయి. అమెరికన్ షెవర్లేల్లో ఈ లెక్క బాగా పేరుమోసింది. నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, సంవత్సరం చివరి అంకె. లాజిక్ సింపుల్: పోత ముందు, ఇంజిన్ బిగింపు తర్వాత, కారు ఆ తర్వాత. కారు మార్చిలో తయారైతే, బ్లాకు జూన్‌లో పోసి ఉంటే కథ అక్కడితో ముగిసింది. నంబర్లు ఎంత అందంగా కలిసినా సరే.

కాగితం లేదు, నంబరు చదవడానికి రావడం లేదు. అప్పుడు మన సిలబస్సే దిక్కు. బి-సిరీస్ 1489 సీసీ ఇంజిన్ బోర్ సుమారు 73 మి.మీ, స్ట్రోక్ 88.9 మి.మీ. ఇసుజు 1817 సీసీది 84 మి.మీ బోర్, 82 మి.మీ స్ట్రోక్. అదే ప్రీమియర్ పద్మిని 1089 సీసీ అయితే 68, 75. హెడ్ విప్పాక వెర్నియర్‌తో కొలిచి పై బై ఫోర్ డి స్క్వేర్ ఎల్ వేస్తే సరి. అయితే బోర్‌ను మాత్రమే నమ్మకండి. ఆ ఇంజిన్ ఇదివరకే ఒకట్రెండుసార్లు బోరు చేయించుకుని ఉండొచ్చు. 73 మి.మీ సిలిండర్‌ను 60 థౌ, అంటే సుమారు 1.5 మి.మీ పెంచితే 1489 కాస్తా దాదాపు 1552 సీసీ అవుతుంది. అంతమాత్రాన అది వేరే ఇంజిన్ కాదు. స్ట్రోక్ అలా కాదు. క్రాంక్ షాఫ్ట్ మారితే తప్ప మారదు. అందుకే నన్నడిగితే బోర్ కన్నా స్ట్రోకే మంచి సాక్షి. ప్లగ్ రంధ్రంలోంచి పుల్ల పెట్టి కొలుద్దాం అనిపిస్తుంది గానీ, ప్లగ్ ఏటవాలుగా ఉండే హెడ్‌లో ఆ కొలత నిక్కచ్చిగా రాదు.

చెరిపేసిన నంబరును మళ్లీ చదవొచ్చా? కొన్నిసార్లు వీలవుతుంది. పంచ్ కొట్టినప్పుడు అంకె కిందున్న లోహం కూడా లోతుగా నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు మిగిలి ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌ల్లో తగిన రసాయనం పూసి, ఆ తేడాను బయటికి తెస్తారు. స్టీల్ మీద ఇది బాగా పనిచేస్తుంది, పోత ఇనుముతో కష్టం. ఇది ఇంట్లో యాసిడ్‌తో చేసే ప్రయోగం కాదు. నంబరు ఎవరో చెరిపారని అనిపిస్తే బండిని ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడమే మేలు. బండి కొనబోతున్నా సరే, ఎన్‌సీఆర్‌బీ నడిపే వాహన్ సమన్వయ్‌లో ఆ నంబర్లతో చోరీ కేసు ఉందేమో ముందు చూసుకోండి.

విదేశాల్లో ఈ పనికి పాత రికార్డులు బాగా అక్కరకొస్తాయి. బ్రిటన్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం మోరిస్, ఎంజీ లాంటి కార్లకు ఫ్యాక్టరీ రిజిస్టర్ చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. రోల్స్ రాయిస్ కార్ల ఛాసిస్ కార్డులు అక్కడి అభిమానుల క్లబ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి 1912 సిల్వర్ ఘోస్ట్ చూసినవాళ్లకు, అలాంటి బండికి కాగితం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మన తాతగారి బండికి మాత్రం ఆ పాత ఆర్‌సీ పుస్తకమే ఛాసిస్ కార్డు.

అసలు ఇంజినే అని తేలితే, లేత్ షాపుకు పంపేముందు నంబరు, పోత గుర్తులు పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. బ్లాకు పైభాగం ఫేసింగ్ చేయిస్తున్నారా? కొన్ని ఇంజిన్లలో నంబరు ఆ అంచు మీదే ఉంటుంది. ఒక్క పాస్‌తో చరిత్ర మొత్తం ఇనుప రజను అయిపోతుంది. ఇసుక బ్లాస్టింగ్ కూడా అంతే, పల్చటి అంకెల్ని తినేస్తుంది. నోటిమాటగా కాదు, జాబ్ కార్డు మీద 'ఇక్కడ ముట్టుకోవద్దు' అని రాయించండి. అసలుది కాదు గానీ అదే రకం ఇంజిన్ అయితే, ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూసుకుని పని మొదలుపెట్టొచ్చు. వేరే రకమైతే మాత్రం దాని మీద ఖర్చు పెట్టేముందు సరైన బ్లాకు దొరుకుతుందేమో ఆరా తీయడం మంచిది.

ఈ నైపుణ్యంతో ఉద్యోగమేంటి అని అడిగే ఫ్రెండ్స్ ఉంటారు. ఏపీపీఎస్సీ భర్తీ చేసే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టు మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లదే. నంబర్లు సరిచూడటం అక్కడ రోజువారీ పని. ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో పనిచేసే మోటార్ సర్వేయర్‌కూ అంతే. దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమాతో పాటు శిక్షణ, పరీక్ష ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కార్ల కంపెనీలు కూడా తనిఖీకి మనుషుల్ని తీసుకుంటున్నాయి. ఇన్‌స్పెక్టర్ పోస్టుకు డ్రైవింగ్ లైసెన్స్ కూడా అడుగుతారు. కిందటి నోటిఫికేషన్ తీసి, ఏ క్లాసు లైసెన్స్ కావాలన్నారో ఇప్పుడే చూసుకోండి. నోటిఫికేషన్ పడ్డాక హెవీ లైసెన్స్ కోసం పరిగెత్తితే టైమ్ సరిపోదు.