వారాంతపు యాత్రా ప్రణాళిక: వసంతకాలంలో నాసిక్ ద్రాక్షసీమ

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ద్రాక్షతోటలోని పంట క్రమాన్ని బట్టి యాత్రా తేదీలను నిర్ణయించగలుగుతారు.
• రెండు రోజుల కార్యక్రమాన్ని దిక్కుల వారీగా రూపొందించగలుగుతారు.
• వైన్ రుచి చూసేటప్పుడు శరీరంలో చేరే ఆల్కహాలును లెక్కగట్టి, తగిన రవాణా ఏర్పాటు చేయగలుగుతారు.

7.1 పరిచయం

మీరు ఒక పర్యాటక సంస్థలో పనిచేస్తున్నారనుకుందాం. హైదరాబాదుకు చెందిన నలుగురు మిత్రులు వచ్చి, "వసంతకాలంలో ఒక వారాంతం వైన్ తయారయ్యే ప్రాంతానికి వెళ్లి రావాలి. తోటలో గుత్తులు, కోత చూడాలి" అని అడిగారు. వసంతం అన్నారు కదా అని మీరు ఉగాది తరువాతి వారానికి ఏర్పాట్లు చేశారు. వారు వెళ్లేసరికి చాలా తోటల్లో కోత ముగిసింది. కొన్నింటిలో కొమ్మలు కత్తిరించి ఉన్నాయి. వారి డబ్బు, సెలవు, మీపై ఉంచిన నమ్మకం మూడూ వృథా అయ్యాయి.

ఇందులో పొరపాటు ఎక్కడ జరిగింది? మీరు పంచాంగం చూశారు, కానీ ద్రాక్షతీగ క్రమాన్ని చూడలేదు. ఈ పాఠంలోని ముఖ్య విషయం ఇదే.

7.2 తేదీల ఎంపిక: తీగ క్రమం

ఫ్రాన్స్, ఇటలీ, కాలిఫోర్నియా వంటి ప్రాంతాల్లో ద్రాక్షతీగ చలికాలమంతా ఆకులు రాల్చి నిద్రాణస్థితిలో ఉంటుంది. వసంతంలో చిగురిస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కోత జరుగుతుంది. అక్కడ వసంతయాత్ర అంటే చిగుళ్లను చూసే యాత్ర.

నాసిక్‌లో క్రమం వేరు. ఉష్ణమండలంలో తీగకు నిద్రపోయేంత చలి ఉండదు. అందువల్ల రైతులు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. కోత అయిన తరువాత, సాధారణంగా ఏప్రిల్‌లో, మొదటి కత్తిరింపు చేస్తారు. దీనివల్ల కొత్త కొమ్మలు పెరుగుతాయి. వర్షాలు వెనుకబట్టాక, సెప్టెంబరు - అక్టోబరు నెలల్లో, రెండవ కత్తిరింపు చేస్తారు. దీని తరువాత వచ్చే చిగుళ్లే పూత, కాపు ఇస్తాయి. తెలంగాణ ద్రాక్ష రైతులకు కూడా ఈ పద్ధతి తెలిసినదే.

ఇలా చేయడం వల్ల కాయ వానల బారిన పడకుండా పొడి వాతావరణంలో పండుతుంది. చలికాలపు చల్లని రాత్రులు పండులోని పులుపును నిలుపుతాయి. వైన్ ద్రాక్ష కోత ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు జరుగుతుంది. సాధారణంగా తెల్లవైన్ రకాలను ముందుగా, ఎర్రవైన్ రకాలను తరువాత కోస్తారు.

మన పంచాంగం ప్రకారం వసంత ఋతువు చైత్రమాసంతో, అంటే ఉగాదితో మొదలవుతుంది. నాసిక్ తోటలకు అప్పటికే ఆలస్యమవుతుంది. కాబట్టి కోత చూడాలనుకునేవారికి ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి మధ్య వరకు గల వారాంతాలను సూచించండి. ఇది దాదాపుగా మన శిశిర ఋతువు కాలం.

7.3 ప్రాంత పరిచయం

నాసిక్ మహారాష్ట్రలో గోదావరి ఒడ్డున, సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. భద్రాచలం, రాజమహేంద్రవరం వద్ద మనం చూసే మహానది ఇక్కడికి సమీపంలోని త్ర్యంబకేశ్వరం దగ్గర, బ్రహ్మగిరి కొండల్లో పుడుతుంది.

నాసిక్‌లో తినే ద్రాక్ష సాగు ముందు నుంచీ ఉంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ఆధారిత పరిశ్రమల విధానాన్ని ప్రకటించడంతో వైన్ తయారీ కేంద్రాలు, అంటే వైనరీలు, పెరిగాయి. సులా సంస్థ 2000లో తన తొలి వైన్‌ను విడుదల చేసి, 2005లో సందర్శకుల కోసం రుచిగదిని తెరిచింది. షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబర్నే సోవిన్యాన్ ఇక్కడ పండించే ముఖ్య రకాలు.

7.4 కార్యక్రమ రూపకల్పన

సికింద్రాబాదు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్ స్టేషనుకు వెళుతుంది. ప్రయాణం పన్నెండు గంటలకు పైగా పడుతుంది. కాబట్టి శని, ఆదివారాలతో పాటు శుక్రవారం సగం రోజు, సోమవారం సగం రోజు సెలవు అవసరమని ముందే చెప్పండి. స్టేషను నగరం నడిబొడ్డున లేదని, అక్కడి నుంచి వాహనం కావాలని గుర్తుంచుకోండి.

ప్రణాళికలో రెండు సూత్రాలు పాటించండి: ఒక పూటకు ఒకే దిక్కు, ఒక రోజుకు రెండు వైనరీలకు మించకూడదు.

శనివారం ఉదయం: ఎండ ముదరక ముందే మెట్లెక్కి పాండవ్ లేణి గుహలు చూడాలి. మూడవ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణిని కీర్తిస్తూ ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. శాతవాహనుల చరిత్ర చదివిన తెలుగువారికి ఇది ప్రత్యేక ఆకర్షణ.
శనివారం మధ్యాహ్నం: భోజనం తరువాత నగరానికి పడమరన, గంగాపూర్ జలాశయం వైపున్న ఒకటి లేదా రెండు వైనరీలు.
ఆదివారం ఉదయం: త్ర్యంబకేశ్వర దర్శనం. ఆలయానికి వెళ్లని బృందానికి ఉత్తరాన దిండోరి మార్గంలోని మరొక వైనరీ.
ఆదివారం సాయంత్రం: పంచవటి, రామకుండం; తిరుగు ప్రయాణం.

మహాశివరాత్రి కూడా ఈ కాలంలోనే వస్తుంది. అప్పుడు త్ర్యంబకేశ్వరంలో రద్దీ ఎక్కువ. ఆ వారాంతాన్ని వదిలివేయడం మంచిది.

7.5 రుచి చూడటం - రవాణా

రుచి చూడటం తాగడం వంటిది కాదు. రంగు చూసి, గ్లాసును మెల్లగా తిప్పి, వాసన చూసి, కొద్దిగా నోట్లోకి తీసుకుంటారు. తరువాత ప్రత్యేకంగా ఉంచిన పాత్రలో ఉమ్మివేయవచ్చు. ఇది అమర్యాద కాదు. వృత్తి నిపుణులందరూ చేసే పనే.

కింది లెక్కను గమనించండి. ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్ల చొప్పున ఐదు రకాలు మింగితే 150 మి.లీ. అవుతుంది. ఆల్కహాలు 12.5 శాతం అనుకుంటే అందులో దాదాపు 19 మి.లీ., అంటే సుమారు 15 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రెండు వైనరీల్లో కలిపి 30 గ్రాములు. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో 100 మి.లీ.కు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండరాదు. చాలామందికి మొదటి వైనరీతోనే ఈ పరిమితి దగ్గరపడవచ్చు, దాటవచ్చు కూడా. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం మొదటి నేరానికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రాణాపాయం అంతకంటే పెద్దది.

అందువల్ల డ్రైవరుతో కూడిన వాహనాన్ని రోజంతటికీ మాట్లాడండి. ఈ ఖర్చును "ఐచ్ఛికం" కింద కాక "తప్పనిసరి" కింద చూపండి. ఖర్చు తగ్గించమని అడిగితే ఒక వైనరీని తగ్గించండి, వాహనాన్ని కాదు.

7.6 బయలుదేరే ముందు సరిచూడవలసినవి

• వైనరీకి ఫోన్ చేసి ఆ వారం కోత ఉందా, సందర్శకులను తోటలోకి అనుమతిస్తారా అని అడగాలి.
• మద్య నిషేధ దినాలను చూడాలి. ఎన్నికలు ఉంటే పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం అమ్మకం ఉండదు.
• అందరికీ చట్టబద్ధమైన వయస్సు నిండిందో లేదో చూడాలి. గుర్తింపు కార్డులు వెంట ఉండాలి.
• సీసాలు కొని తెచ్చుకోదలిస్తే రెండు రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలు ముందే తెలుసుకోవాలి.
• బృందంలో మద్యం ముట్టనివారు ఉంటే వారికి తోట నడక, తయారీ ప్రదర్శన, భోజనం సరిపోతాయేమో అడగాలి.

7.7 సారాంశం

ద్రాక్షసీమ యాత్రకు తేదీని నిర్ణయించేది పంట. నాసిక్‌లో రెండు కత్తిరింపుల పద్ధతి వల్ల కోత జనవరి - మార్చి మధ్య వస్తుంది. తేదీ కుదిరాక దిక్కు, ఆ తరువాత వాహనం, చివరగా వైనరీల సంఖ్య నిర్ణయించాలి.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాసిక్‌లో ద్రాక్ష కొమ్మలను ఏడాదికి రెండుసార్లు ఎందుకు కత్తిరిస్తారు?
2. ఒక బృందం ఏప్రిల్ మూడవ వారంలో మాత్రమే రాగలమంటోంది. కోత గురించి వారికి ఏమి చెబుతారు? కార్యక్రమాన్ని ఎలా మారుస్తారు?
3. 25 మి.లీ. చొప్పున ఆరు రకాలు రుచి చూస్తే శరీరంలో చేరే ఆల్కహాలు ఎంత? (12.5 శాతంగా తీసుకోండి.)