గదిలో ఉక్కపోత – మన ఒంటి వేడి



2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. మన నల్గొండ జిల్లాలోనూ చాలామంది చనిపోయారు. వడదెబ్బ ఎండలో తిరిగేవారికే తగులుతుందని చాలామంది అనుకుంటారు. కాని ఇంట్లో మంచం మీద ఉన్న వృద్ధులకు, రోగులకు కూడా తగులుతుంది.

మనం తిన్న ఆహారం నుండి శరీరం రాత్రింబవళ్లు వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంటి నుండి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే వెనుకటి 100 వాట్ల బల్బుతో సమానం. అందుకే ఇంజనీర్లు గదులను పరీక్షించేటప్పుడు, లోపల కరెంటు తీగలతో వేడెక్కే నిలువెత్తు బొమ్మలను మనుషులకు బదులుగా కూర్చోబెడతారు. రోగి మంచం చుట్టూ పదిమంది బంధువులు చేరితే 1000 వాట్ల హీటరు పెట్టినట్లే!

ఈ వేడి బయటకు పోవాలి. మన చర్మం సుమారు 34, 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే ఒంటి వేడి గాలిలో కలుస్తుంది. గాలి 40 డిగ్రీలకు చేరితే ఆ వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే మార్గం. వృద్ధులకు చెమట తక్కువగా పడుతుంది. జనం నిండిన మూసిన గదిలో తేమ పెరిగి, పట్టిన చెమట కూడా ఆరదు. రేకుల ఇంట్లోనైతే కప్పు సెగ నేరుగా ఒంటికి తగులుతుంది.

ఏమి చేయాలి?

1. రోగి దగ్గర ఒకరిద్దరు మాత్రమే ఉండండి.
2. పగలు ఎండ వచ్చే కిటికీలకు తెరలు కట్టండి. చల్లబడ్డాక అన్నీ తెరవండి.
3. కూలర్ పెడితే ఒక కిటికీ తెరిచి ఉంచండి. లేకపోతే తేమ గదిలోనే నిలుస్తుంది.
4. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే చాలదు. తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ ఫ్యాను వేయండి.
5. ఇంటి కప్పుకు తెల్ల సున్నం వేయించండి. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు చల్లి విసరండి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్లు పోయకండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్