8 శాతం వడ్డీ 16 ఎలా అవుతుంది? సరుకు బండి కొనేవారికి కొన్ని లెక్కలు

సొంతంగా సరుకు బండి నడుపుకుని బతుకుదామనుకునేవాళ్లు షోరూమ్‌లో మొదట అడిగేది "నెలకు ఎంత కట్టాలి?" అని. ఆ ప్రశ్నకు మనకు నచ్చే జవాబు ఎప్పుడూ దొరుకుతుంది. ఏళ్లు పెంచుకుంటూ పోతే కిస్తీ తగ్గుతూనే ఉంటుంది మరి. నిజానికి తెలుసుకోవాల్సినవి వేరే రెండున్నాయి. మన చేతికి వచ్చిన డబ్బు మీద ఏడాదికి అసలు ఎంత వడ్డీ పడుతోంది? బండి ఒక కిలోమీటరు తిరగాలంటే ఎంత ఖర్చవుతుంది? ఈ రెండు అంకెలూ తెలియకుండా సంతకం పెట్టకూడదని గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

లెక్క కోసం ఒకటిన్నర టన్నుల పికప్ తీసుకుందాం. ఆన్‌రోడ్ ధర పదిన్నర లక్షలు, డౌన్‌పేమెంట్ రెండున్నర లక్షలు, మిగతా 8 లక్షలు ఫైనాన్స్, గడువు నాలుగేళ్లు అనుకుందాం. ధరలు మోడల్‌ని బట్టి మారతాయి గానీ లెక్క కట్టే పద్ధతి ఒకటే. ఫైనాన్స్ మనిషి చిన్న చీటీ మీద రాసిస్తాడు: అప్పు 8 లక్షలు, వడ్డీ 8 శాతం, 48 నెలలు, కిస్తీ 22,000. గుణించి చూస్తే తప్పేమీ కనిపించదు. 8 లక్షలకు ఏడాదికి 64 వేల వడ్డీ, నాలుగేళ్లకు 2 లక్షల 56 వేలు. అసలుతో కలిపి 10 లక్షల 56 వేలు. దాన్ని 48తో భాగిస్తే సరిగ్గా 22 వేలు. నూటికి రెండ్రూపాయల వడ్డీకి తెచ్చుకునే అలవాటున్నవాళ్లకు ఇది నూటికి నెలకు 67 పైసలే. ఇంతకన్నా చౌకగా ఎవరిస్తారు అనిపిస్తుంది.

దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. ప్రతి కిస్తీలోనూ అసలు కొంత తిరిగి వాళ్లకు చేరిపోతున్నా, ఆఖరి నెల వరకు మొత్తం 8 లక్షల మీదే వడ్డీ వేస్తారు. నాలుగో ఏడు మొదలయ్యేసరికి మన దగ్గర నిజంగా మిగిలిన బాకీ సుమారు 2 లక్షల 45 వేలు. ఆ ఏడాదికి చీటీ లెక్కలో పడే వడ్డీ మాత్రం మళ్లీ 64 వేలే. బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో, అంటే బ్యాంకులు చెప్పే రెడ్యూసింగ్ పద్ధతిలో చూస్తే, ఈ 8 శాతం 14.3 శాతానికి కాస్త పైనే తేలుతుంది. పక్క వీధి బ్యాంకులో అదే 8 లక్షలు, అదే నాలుగేళ్లు, 10 శాతం రెడ్యూసింగ్‌కి ఇస్తామన్నారనుకోండి. కిస్తీ 20,290, మొత్తం వడ్డీ సుమారు 1 లక్షా 74 వేలు. 8 కంటే 10 ఎక్కువని వెనక్కి తిరిగివస్తే మనకు పోయేది 82 వేలు.

చీటీ కథ అక్కడితో అయిపోలేదు. అప్పు విడుదల చేసేటప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ చార్జీలు, అప్పుతో పాటు అంటగట్టే బీమా అని కొంత కోసేస్తారు. మన ఉదాహరణలో ఇవన్నీ కలిపి 24 వేలు అనుకుందాం. అప్పుడు బండికి చేరేది 7 లక్షల 76 వేలు, మనం కట్టే కిస్తీ మాత్రం అదే 22 వేలు. ఇప్పుడు లెక్క కడితే అసలు వడ్డీ 16 శాతం. నూటికి 67 పైసలనుకున్నది రూపాయి ముప్పై మూడు పైసలైంది.

ఈ 16ని మనం కాగితం పెన్సిలుతో వెతుక్కోనక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారులకూ ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా ఇదే నియమం. చార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి పడే రేటు అందులో ఏపీఆర్ అన్న పేరుతో ఒక్క అంకెగా ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఆ కాగితం ఉండాలని కూడా ఆదేశంలోనే ఉంది. కాబట్టి తెలుగులో అడగండి, అది మొహమాటపడాల్సిన విషయం కాదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువివ్వాలి. అందులో రాయని చార్జీని తర్వాత మన ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. రెండు మూడు చోట్ల నుంచి ఈ కాగితాలు తెచ్చుకుని, మిగతావన్నీ పక్కనపెట్టి ఏపీఆర్‌లు పోల్చితే చాలు.

ఫ్లాట్ వడ్డీ ఇంకోచోట కూడా దెబ్బ తీస్తుంది. రెండేళ్లు సక్రమంగా కట్టి, మిగతాది ఒక్కసారి తీర్చేద్దామని వెళ్తారు. సగం గడువు అయిపోయింది కనక సగం అసలు, అంటే 4 లక్షలు ఉంటుందనుకుంటారు. కంప్యూటరు మాత్రం సుమారు 4 లక్షల 56 వేలు చూపిస్తుంది. తొలి కిస్తీల్లో వడ్డీ భాగం ఎక్కువ, అసలు భాగం తక్కువ కావడమే ఇందుకు కారణం. దాని మీద ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటే అదీ కలుస్తుంది. 2026 జనవరి 1 నుంచి ఇచ్చే ఫ్లోటింగ్ రేటు అప్పులను ముందే తీర్చినా వ్యక్తుల నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చార్జీ తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అప్పిచ్చే కొన్ని రకాల సంస్థలకు, కొన్ని మొత్తాలకు మినహాయింపులున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, బండ్ల మీద ఇచ్చే అప్పులు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువే. ముందే తీర్చే ఉద్దేశం ఉంటే ఫోర్‌క్లోజర్ షరతు సంతకానికి ముందే చదువుకోవాలి.

గడువు ఎంత పెట్టుకోవాలి? 8 లక్షలకు 12 శాతం రెడ్యూసింగ్‌లో మూడేళ్లయితే కిస్తీ 26,571, ఐదేళ్లయితే 17,796. నెలకు దాదాపు 8,800 తేడా. ఐదేళ్లకు కట్టే వడ్డీ మూడేళ్ల కంటే 1 లక్షా 11 వేలు ఎక్కువ. ముందే తీరిస్తే చార్జీ లేదన్న హామీ కాగితం మీద ఉంటే నేను ఐదేళ్ల వైపే మొగ్గుతాను. బేరాలున్న నెలల్లో ఎక్కువ కట్టుకోవచ్చు, ఆషాఢంలో ఊపిరాడుతుంది. ఆ హామీ లేకపోతే నాలుగేళ్లు మేలు.

ఇక కిలోమీటరు లెక్కకు వద్దాం. డీజిల్ లీటరు 97 రూపాయలు, లోడుతో మైలేజీ 12 కిలోమీటర్లు అనుకుంటే ఇంధనం 8 రూపాయల 10 పైసలు. నాలుగు టైర్లకు 28 వేలు పెట్టి 40 వేల కిలోమీటర్లు నడిపితే 70 పైసలు. ఆయిలు, బ్రేకులు, క్లచ్, చిన్నాచితకా రిపేర్లకు రూపాయి ఇరవై పైసలు. మొత్తం కిలోమీటరుకు 10 రూపాయలు. బండి కదలకున్నా తప్పని ఖర్చు వేరే ఉంది: కిస్తీ 22 వేలు, బీమాకు నెలకు 3 వేలు, పన్ను, ఫిట్‌నెస్ కింద వెయ్యి. దీనికి మీ జీతం కలపాలి. చాలామంది వదిలేసేది దీన్నే. మీరు స్టీరింగ్ పట్టుకోకపోతే డ్రైవరుకు ఇవ్వాల్సిన డబ్బే అది. 18 వేలు వేసుకుందాం. మొత్తం 44 వేలు.

నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరు ఖర్చు 39 రూపాయలు దాటుతుంది. 2,500 తిరిగితే 27 రూపాయల 60 పైసలు. 3,500 అయితే 22 రూపాయల 60 పైసలు. అయితే ఇందులో ఖాళీగా తిరిగొచ్చే దూరం కూడా ఉంది. విజయవాడ నుంచి లోడు వేసుకుని ఖమ్మంలో దించి ఖాళీగా వస్తే, పోయిన దారి కిరాయే వచ్చిన దారినీ మోయాలి. 2,500లో సగం ఖాళీ అయితే లోడున్న కిలోమీటరుకు 55 రూపాయలకు తక్కువ మాట్లాడితే నష్టమే. "ఎలాగూ ఖాళీగా రావాలి కదా" అని తిరుగు ప్రయాణంలో తక్కువ కిరాయికి వేసుకోవడం తప్పు కాదు. ఆ డబ్బు ఎంతైనా ఆ 55ను కిందికి దించుతుంది. పోయేటప్పుడే 35కి ఒప్పుకోవడమే ముంచుతుంది.

ఈ లెక్క తెలిస్తే ఏ బండి అన్న ప్రశ్న సగం తేలిపోతుంది. ముందు మీకు దొరికే సరుకు ఏమిటో చూడండి. సిమెంటు బస్తా 50 కిలోలు. ముక్కాలు టన్ను మోసే టాటా ఏస్ తరగతి బండికి 15 బస్తాలతో బరువు నిండిపోతుంది, తొట్టిలో చోటు మాత్రం మిగిలే ఉంటుంది. అదే ప్లాస్టిక్ కుర్చీలు, పరుపులు, గుంటూరు యార్డు నుంచి మిర్చి బస్తాలు అయితే బరువు నిండకముందే చోటు నిండిపోతుంది. మొదటి రకం బేరాలున్నవాళ్లు టన్నుల అంకె చూడాలి, రెండో రకం వాళ్లు తొట్టి పొడవు చూడాలి. 7 అడుగులా 9 అడుగులా అన్నదే వాళ్ల ఆదాయం. ఇల్లు ఖాళీ చేసేవాళ్ల సామాను ఒక ట్రిప్పులో పోతుందా, రెండు ట్రిప్పులా అన్నది తేల్చేది కూడా ఆ రెండడుగులే.

బండి బరువు, సరుకు బరువు కలిపి ఆర్‌సీలో 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. 1.7, 2 టన్నుల మోడళ్లలో చాలావరకు ఈ గీత దాటతాయి, అడిగి తెలుసుకోండి. లైసెన్సు మాటకొస్తే, 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఒకటిన్నర టన్నుల బండిలో రెండున్నర టన్నులు వేసే అలవాటు గురించి ఒక్క మాట. చట్టంలో రాసిన జరిమానా 20 వేలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. పెద్ద బండి కొనలేక చిన్నదానిలో కుక్కితే, మిగిలిందనుకున్న డబ్బు ఒక్క చెక్‌పోస్టులో పోతుంది. యాక్సిల్, బ్రేకులు తినే ఖర్చు దానికి అదనం.

పాత కొటేషన్ పట్టుకుని బేరమాడేవాళ్లు ఒకటి గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ఏడున్నర లక్షల ధర ఉన్న బండికి ఇది 75 వేల తేడా. అదే రోజు నుంచి సరుకు బండ్ల థర్డ్ పార్టీ బీమా మీద జీఎస్టీ 12 నుంచి 5కు దిగింది. 7,500 కిలోల లోపు కిరాయి సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం ఏడాదికి 16,049. పూర్తి బీమా కావాలంటే దీని మీద బండి విలువను బట్టి ఇంకా కలుస్తుంది. తొట్టికి ఎత్తు కట్టించడం, టార్పాలిన్, తాళ్లు సాధారణంగా అప్పులోకి రావు. ఆటోనగర్‌లో అడుగుపెట్టే ముందే ఆ డబ్బు చేతిలో ఉండాలి.

బ్యాంకు వైపు వెళ్లేవాళ్లకు ముద్ర పథకంలో తాకట్టు లేకుండా 10 లక్షల వరకు అడిగే వీలుంది. ఆ స్థాయి అప్పు తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్లకు 2024లో పరిమితి 20 లక్షలకు పెరిగింది. చిన్న వ్యాపారంగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి డబ్బడిగే మధ్యవర్తి దగ్గరికి వెళ్లకండి. ఆదాయపు పన్ను రిటర్న్ వేయడానికి ఖాతా పుస్తకాలు లేవని వెనుకాడక్కర్లేదు. 12 టన్నుల లోపు సరుకు బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపితే సరిపోయే పద్ధతి ఉంది. పాత ఆదాయపు పన్ను చట్టంలో అది 44ఏఈ సెక్షన్, ఆడిటర్లందరికీ తెలిసినదే. అలా రెండేళ్లు రిటర్నులు వేస్తే రెండో బండికి బ్యాంకు తలుపు కాస్త తేలిగ్గా తెరుచుకుంటుంది.

డౌన్‌పేమెంట్ కట్టాక కూడా మూడు కిస్తీల డబ్బు, మన లెక్కలో 66 వేలు, ముట్టుకోకుండా ఉంచాలి. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేని నెల, వానలకు ఇసుక, సిమెంటు పనులు ఆగే నెల, ప్రమాదమై బండి షెడ్డులో ఉండే నెల వస్తాయి. అంత మిగలకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి కొనడమో, చిన్న బండితో మొదలుపెట్టడమో మంచిది. కిస్తీ ఆలస్యమైతే పడే జరిమానాను వడ్డీలా అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. స్టేట్‌మెంట్‌లో అలా కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ఆఖరి కిస్తీ కట్టాక ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ, సంతకంతో ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఇస్తే ఆర్‌సీ మీద వాళ్ల పేరు తొలగిపోతుంది. బీమా పాలసీలో కూడా వాళ్ల పేరు ఉంటుంది. దాన్నీ అప్పుడే తీయించండి. లేకపోతే బాకీ తీరిన బండికి ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము డబ్బు దగ్గర చిక్కొస్తుంది.