ఫిడేలు నాయుడుగారికి ఒక దీపం

కన్నవాళ్ళకు తద్దినం పెడతాం. మరి మనకు సంగీతం మీద ప్రేమ కలిగించి పోయినవాళ్ళకు ఏం పెడతాం? మా పెద్దమ్మ ఏటా నవంబరు 25న పొద్దున్నే తలంటుకుని, దేవుడి గూటి దగ్గర కాకుండా, ఫిడేలు పెట్టె ముందు విడిగా ఒక ప్రమిద వెలిగించేది. చిన్నప్పుడు మాకదో వింత. "ఎవరికే ఈ దీపం?" అని అడిగితే, "నాయుడుగారికి" అనేది. ఏ నాయుడుగారో మాకు తెలీదు. మా చుట్టాల్లో అలాంటివారెవరూ లేరు. అసలు పెద్దమ్మతోనైనా ఆయన ఒక్క మాట మాట్లాడి ఎరగరు!

ఆయన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. 1964లో అదే తేదీన, 71 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇవాళ్టి అమ్మాయిలకు ఆ పేరు అంతగా తెలియకపోవచ్చు. 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. తండ్రిగారిది సైన్యంలో ఉద్యోగం. పెరిగింది మాత్రం మన విశాఖ ప్రాంతంలోనే. అన్నగారు వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. చిన్నతనం నుంచీ చూపు మందం. పుస్తకాల చదువుకు కళ్ళు సాయం చెయ్యని పిల్లవాడికి చెవులూ వేళ్ళే దిక్కయ్యాయి. 1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఒక చూపులేని కుర్రాడి కోసం ఆ ఆలోచన పుట్టిందని ఆ ఊళ్ళో చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాలు. నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాద్యం విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని మరో ముచ్చట. ముచ్చట సంగతెలా ఉన్నా, పాతికేళ్ళ వయసులో అక్కడ ఫిడేలు ఆచార్యులైన మాట నిజం. దాసుగారి తర్వాత 1936లో ప్రిన్సిపాలు కూడా అయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు చదువుకున్న కళాశాల అదే.

మన సంగీతంలోకి ఫిడేలు వచ్చి ఎంతో కాలం కాలేదు. రెండువందల ఏళ్ళ పైమాట, అంతే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన పద్ధతికి తిప్పారు. దొరలు నిలబడి భుజాన ఆనించుకుని వాయించేదాన్ని మనవాళ్ళు బాసింపట్టు వేసుకుని, ఒక కొస గుండెకూ ఇంకో కొస కుడికాలి మడమకూ ఆనించి వాయించారు. దాంతో ఎడమచేతికి ఫిడేలు మొయ్యాల్సిన పని తప్పి, గమకాల కోసం తీగ మీద అటూ ఇటూ జారే స్వేచ్ఛ వచ్చింది. అయినా చాలాకాలం అది గాయకుడి పక్కన కూర్చుని ఆయన పాడిందే తిరిగి పలికే వాద్యంగా మిగిలింది. దాన్ని ఆ పక్కచోటు నుంచి లేపి, కచేరి నడిబొడ్డున కూర్చోబెట్టిన తొలివాళ్ళలో నాయుడుగారొకరు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1941లో సంగీత కళానిధి ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1952లో యెహూది మెనూహిన్ అంతటి పాశ్చాత్య విద్వాంసుడు మద్రాసులో ఆయన వాద్యం విని మెచ్చుకున్నారు. చూపులేనివాళ్ళ సహాయనిధి కోసం ఆయన కచేరి చేశారు. ఆ పని ఆయనకు ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా!

ఇవన్నీ పెద్దమ్మ చెప్పగా విన్నవి కావు. తర్వాత నేను పోగుచేసుకున్నవి. పెద్దమ్మకు బిరుదులు పట్టేవి కావు. ఆవిడ చెప్పిందల్లా కమాను గురించే.

"మిగతావాళ్ళు కమాను రెండుసార్లు తిప్పే చోట ఆయన ఒక్కసారే లాగేవారే. చివరంటా! ఎక్కడ మళ్ళిందో తెలిసేది కాదు. ఊపిరి తీసుకోకుండా ఒక మనిషి పాడుతున్నట్టు ఉండేది."

పెద్దమ్మ విజయనగరంలో పుట్టి పెరిగింది. మూడులాంతర్ల దగ్గర అద్దె ఇల్లు. తాతయ్య కచ్చేరీలో గుమాస్తా. పదకొండో ఏట నుంచి సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుంది. ఆవిడ మేష్టారు నాయుడుగారి శిష్యులు. మొదటి నెలంతా ఒక్క స్వరమే! 'సా' మీద కమాను పెట్టి, మేష్టారు పదహారు లెక్కపెట్టేలోగా చివరికి రావాలి. ముందే అయిపోతే మళ్ళీ మొదలు. గరగరమన్నా మళ్ళీ మొదలు. "మా గురువుగారు మాకు ఇలాగే పెట్టారమ్మా" అనేవారట మేష్టారు. ఇది ద్వారంవారి బాణీలో మొదటి పాఠం అన్నమాట. నాదం శుభ్రంగా ఉంటే తర్వాత వేగం అదే వస్తుందని ఆ బాణీ నమ్మకం.

నాయుడుగారి కచేరి పెద్దమ్మ రెండుసార్లే చూసింది. ఆడవాళ్ళు కూర్చునే వైపు నుంచి, అదీ స్తంభం పక్క నుంచి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తల కొంచెం వంచి ఉన్న మనిషి. "మా వైపు చూశారనుకున్నానే. మేష్టారు చెప్పారు, ఆయనకు మేం కనపడమని" అనేది.

అటక మీద పెట్టె

1960లో పెద్దమ్మకు పెళ్ళయింది. అత్తవారిది అనకాపల్లి. సారెతో పాటు నల్లటి ఫిడేలు పెట్టె కూడా వెళ్ళింది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన వాయించి మార్కులు తెచ్చుకున్న ఫిడేలు కదా! ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఆడపిల్ల సంగీతం పని అక్కడితో సరి. బెల్లం వ్యాపారమున్న ఉమ్మడి కుటుంబం, పూటకు పద్దెనిమిది విస్తళ్ళు. పెట్టె అటకెక్కింది. ఎవరూ వాయించొద్దనలేదు. వాయించమనీ అనలేదు. ఈ రెండోది మొదటిదాని కంటే ఎక్కువ పని చేస్తుందని నా ఉద్దేశం. వద్దంటే కనీసం పోట్లాడొచ్చు.

నాలుగేళ్ళు గడిచాయి. ఒక సాయంకాలం పెద్దమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోందట. హాల్లో రేడియో. వార్తల్లో నాయుడుగారు పోయారని చెప్పారు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఏడవాలంటే ఎవరి కోసమని చెబుతుంది? అత్తగారు చూశారు.

"ఏటే అలా అయిపోయావు? ఎవరు పోయారు, మీవాళ్ళా?"

"మా మేష్టారి గురువుగారు, అత్తయ్యా."

ఆవిడకు సంగీతం గింగితం తెలీదు. చదువూ లేదు. కానీ మైల సంగతులన్నీ కరతలామలకం. ఒక్క క్షణం ఆలోచించి, "గురువంటే తండ్రి లెక్క. గురువుగారి గురువంటే తాత లెక్కే కదుటే! లే, నెత్తిన నీళ్ళోసుకో. ఆ కాయలు నేను చూస్తాను" అన్నారట. తనే నూతిలో నీళ్ళు తోడి, గంగాళం నింపి, తడిక వేసి వచ్చారట. ఆ తడిక వెనక పెద్దమ్మ మనసారా ఏడ్చింది. తడిబట్టలతో వచ్చేసరికి అత్తగారు ప్రమిదలో నూనె పోసి సిద్ధంగా ఉంచారు. "ఎక్కడ పెడతావు? ఆయన పటమేదైనా ఉందా?" పటం లేదు. "అయితే ఆ పెట్టె దింపించు. అటక మీద ఉండకూడదది."

అదీ దీపం కథ!

ఈ ముచ్చట పెద్దమ్మ చెప్పినప్పుడల్లా నాకు ముందు ఆ అత్తగారే గుర్తొస్తారు. ఎవరో తెలియని మనిషి మరణానికి కోడలి దుఃఖాన్ని లెక్కలోకి తీసుకుని, దానికి ఒక వరస కట్టి, ఏడవడానికి చోటు చూపించింది. అభిమానులు సభ పెట్టి పూలదండ వేస్తే అది సంతాపం. వంటింటి ఆడదానికి మాత్రం బంధువు పోతేనే ఏడ్చే హక్కు. ఆవిడ ఆ హక్కును కాస్త పెద్దది చేసింది, అంతే!

పెట్టె తెరిస్తే లోపల ఘోరం. రెండు తీగలు తెగిపోయాయి. గుర్రం పడిపోయింది. కమాను వెంట్రుకలు పురుగులు కొట్టేశాయి. (వాడకుండా చీకట్లో మూసిపెట్టిన కమానుకు ఈ గతి పడుతుంది. ఇంట్లో ఫిడేలున్నవాళ్ళు నెలకోసారైనా పెట్టె తెరిచి గాలీ వెలుతురూ తగలనివ్వండి.) అనకాపల్లిలో కమానుకు వెంట్రుకలు వేసేవాళ్ళు లేరు. మద్రాసు వెళ్ళే వ్యాపారి ఒకరి చేతికిచ్చి పంపితే తిరిగి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా పెద్దమ్మ కమాను లేకుండానే, మిగిలిన రెండు తీగల మీద ఎడమచేతి వేళ్ళతో సరళీస్వరాలు, జంటస్వరాలు దిద్దుకుందట. శబ్దం రాని సాధన! పిల్లలు నవ్వేవారట. కమాను వచ్చిన రోజు వాయించింది కీర్తన కాదు, వర్ణమూ కాదు. పదహారు లెక్కపెట్టుకుంటూ ఒక్క 'సా'.

సినిమా అయితే ఆవిడ తర్వాత రేడియోలో వాయించాలి. వాయించలేదు. విశాఖలో రేడియో కేంద్రం 1963లోనే వచ్చింది. పెదనాన్న ఆడిషన్‌కు వెళ్ళమనీ అన్నారు. కానీ ముగ్గురు పిల్లలు, అత్తగారి పక్షవాతం, పద్దెనిమిది విస్తళ్ళు. వెళ్ళలేదు. వీధి అరుగు మీద సాయంకాలాలు ఆరేడుగురు ఆడపిల్లలకు నేర్పింది. వాళ్ళల్లో ఇద్దరు సంగీతం టీచర్లయ్యారు. మిగతావాళ్ళు ఏమయ్యారో నాకు తెలీదు. బహుశా వాళ్ళ పెట్టెలూ అటకెక్కి ఉంటాయి.

కూతురు పక్కన

పెద్దమ్మ నాయుడుగారిని ఎందుకంత పెట్టుకుందో నాకు చాలాకాలం పూర్తిగా అర్థం కాలేదు. ఒకసారి సూటిగా అడిగాను. బాణీ గురించి చెబుతుందనుకున్నాను. "కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడే!" అంది.

నిజమే. నాయుడుగారి కుమార్తె ద్వారం మంగతాయారుగారు తండ్రి దగ్గరే ఫిడేలు నేర్చుకుని, ఆయనతో కలిసి కచేరీల్లో వాయించారు. తర్వాత స్వయంగా విదుషిగా పేరు తెచ్చుకున్నారు. అప్పటికి మగ గాయకులు ఆడవాళ్ళ పక్కవాద్యం ఒప్పుకోవడమే అపురూపం. అలాంటి రోజుల్లో ఒక తండ్రి, అంతటి విద్వాంసుడు, కూతురి కమానును తన కమాను పక్కన నిలబెట్టాడు. స్తంభం పక్కన కూర్చుని చూసిన అమ్మాయికి అది పద్మశ్రీ కంటే పెద్ద సంగతిగా కనిపించిందంటే ఆశ్చర్యమేముంది!

2016లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అవసరాల కన్యాకుమారిగారికి వచ్చింది. ఫిడేలు వాయించే ఆడవాళ్ళల్లో ఆ బిరుదు అందుకున్న మొదటి విదుషి ఆవిడే. ఆవిడదీ విజయనగరమే! నాయుడుగారికి వచ్చిన 75 ఏళ్ళకు, అదే ఊరి ఆడపిల్లకు. ఆ వార్త చదివి నాకు ముందు తోచింది పెద్దమ్మకు ఫోన్ చెయ్యాలని. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు.

ఫిడేలు ఇప్పుడు నా దగ్గరుంది. నాకు వాయించడం రాదు. మా అక్క మనవరాలు వారానికి రెండు రోజులు వచ్చి సాధన చేసుకుంటుంది. పన్నెండేళ్ళ పిల్ల. వేగం అంటే ప్రాణం. పదహారు లెక్కపెట్టమంటే మొహం ముడుచుకుంటుంది.

కిందటి నవంబరులో దీపం పెట్టి, నాయుడుగారి పాత రికార్డింగులు వినిపించాను. ఇప్పుడవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. గ్రామఫోను ప్లేట్లవి ఒక్కొక్కటి మూడు నిమిషాల పైన ఉండవు. ఆ మూడు నిమిషాల్లోనే రాగం తన మొహం చూపించి వెళ్ళాలి. పిల్ల వాటికి పెద్దగా లొంగలేదు. "గరగరలాడుతోంది అమ్మమ్మా" అంది. తర్వాత తండ్రీ కూతుళ్ళు కలిసి వాయించింది పెట్టాను. కాసేపటికి తలెత్తింది.

"రెండు ఫిడేళ్ళున్నాయి కదూ! రెండోది ఎవరు?"

"ఆయన కూతురు."

"ఏది ఆయనది, ఏది ఆవిడది?"

నాకూ తెలీలేదు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. పిల్ల నా చేతిలోంచి ఫోను తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.