బిందె అడుగు తూటు పడితే...



ఈరోజు మీతో ప్లాస్టిక్ బిందె అడుగున పడే తూటు గురించి మాట్లాడదామని వచ్చాను. “ఓస్, ఇంతేనా! పాతసామాన్లవాడికి వేసేసి కొత్తది తెచ్చుకుంటే పోలేదా?” అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వండి, ఫరవాలేదు. కానీ కొళాయి నీళ్ళు రాకరాక వచ్చిన రోజున, ఉన్న నాలుగు బిందెలూ నింపుకుని హమ్మయ్య అని కూర్చున్నాక, ఒక బిందె కింద నేల తడిసి కనిపించిందనుకోండి. అప్పుడు మాత్రం నవ్వు రాదు.

నా పుట్టిల్లు చిప్పగిరి. విజయదాసులవారి కట్ట ఉన్న ఊరు అంటే మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. వాన తక్కువ సీమ. నీటి విలువ మాకు ఒకరు చెప్పనక్కరలేదు. మా అమ్మ వాడినవి ఇత్తడి బిందెలు. అవి తూటు పడితే భయం ఉండేది కాదు. “బిందెలకు మాట్లేస్తాం” అని కేకవేస్తూ ఒక మనిషి వీధిలోకి వచ్చేవాడు. బొగ్గులు రాజేసి, మాటు కరిగించి, చూస్తూండగానే తూటు మూసి ఇచ్చేవాడు. తరువాత బరువు మోయలేక మనమంతా ప్లాస్టిక్ బిందెలకు మారాం. వాటిని అతికే మనిషి ఎప్పుడో ఏడాదికొకసారి గానీ కనబడడు. కాబట్టి ఆ మాటు మనమే వేసుకోవడం నేర్చుకోవాలి.

నేను నేర్చుకున్నది దెబ్బ తిన్నాకనే లెండి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం, మా వీధికి మూడు రోజులకొకసారి నీళ్ళు. బిందె అడుగున వేలెడు పొడుగు నెర్రె వచ్చింది. రెండు ముద్దలు కలిపి పూసే పుట్టీ తెచ్చి దట్టంగా మెత్తాను. రాయిలాగా గట్టిపడింది. నా అంత తెలివైనది లేదనుకున్నాను. మూడోనాడు నిండుబిందె చంకన పెట్టుకుని మేడమెట్లు ఎక్కుతూంటే ఆ పుట్టీ బిళ్ళగా ఊడి కిందపడింది. నీళ్ళన్నీ మెట్ల పాలు. ఆ తడిలో కాలుజారి నేనూ నాలుగు మెట్లు కిందికి వచ్చాను. పది రోజులు నడుం పట్టుకుని మంచంలో ఉన్నాను. ఆ పది రోజులూ నీళ్ళు మోసింది మా అత్తగారు, ఆ వయసులో. తప్పు పుట్టీది కాదు, నాది. దేనికి ఏది అతుకుతుందో తెలుసుకోకుండా పూశాను.

మన బిందెలు చాలావరకు గట్టి రకం పాలిథిన్‌తోగానీ, పాలీప్రొపిలీన్‌తోగానీ చేస్తారు. పాలిథిన్ పుట్టుక ఒక వింత. 1933లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంకేదో చేయబోతే, పాత్రలో మైనంలాంటి తెల్లటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడితోనే గట్టి పాలిథిన్ తయారుచేసే దారి కనిపెట్టాడు. మరుసటి ఏడు ఇటలీలో జూలియో నత్తా పాలీప్రొపిలీన్ చేసి చూపించాడు. ఇద్దరికీ కలిపి 1963లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇందులో మనకు పనికివచ్చే మాట ‘మైనం’ అన్నది. ఈ ప్లాస్టిక్కులు మైనానికి దగ్గర చుట్టాలు. కొవ్వొత్తికి కాగితం ముక్క జిగురుతో అంటించి చూడండి, నిలుస్తుందా? తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే, వీటి ఒంటిమీద మనం అంగట్లో కొనే మామూలు జిగురేదీ నిలవదు. మరి వీటికి ఏది అతుకుతుంది? వాటికి అవే! కరిగిన ముక్కా, కరిగిన బిందె అడుగూ ఒకదానిలో ఒకటి కలిసి చల్లారితే రెండూ ఒకటే అయిపోతాయి. ఏ జాతికి ఆ జాతే మాటు. ఈ ప్రసంగంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి.

జాతి తెలిసేదెట్లా అంటారా? బిందె అడుగున బాణాలతో చేసిన ముక్కోణం, దానిలో ఒక అంకె ఉందేమో చూడండి. 2 అంటే గట్టి పాలిథిన్. 5 అంటే పాలీప్రొపిలీన్. 2కు 2, 5కు 5 అతుకుతాయి. 2కు 5 వేస్తే అతికినట్టే కనిపించి తరువాత ఊడుతుంది. 3 అంటే పీవీసీ. దానిని కాల్చే పని పెట్టుకోవద్దు. వేడెక్కువైతే ఊపిరి అందని ఘాటు పొగ వస్తుంది, అందులో ఆమ్లం ఉంటుంది. అంకె లేకపోతే అంచున గోరంత ముక్క కోసి నీళ్ళలో ముంచి వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక, పైకి తేలుతాయి. పీవీసీ మునుగుతుంది. అన్నిటికన్నా సులువు, అదే రకం పాత బిందె మూతి అంచు దాచిపెట్టుకోవడం. నేను పగిలిన బిందె పారేసేముందు అంచు కోసి రెండు పట్టీలు తీసి ఉంచుతాను, రవికగుడ్డ ముక్కలు దాచినట్టు.

ఒక హెచ్చరిక. పత్తి చేలకు కొట్టే పురుగుమందు డబ్బాలు కూడా చాలావరకు పాలిథిన్‌వే. గట్టిగా ఉన్నాయి కదా అని అతుకుకు వాటి ముక్క వాడకండి. కడిగి నీళ్ళు పట్టుకోవడం అసలే వద్దు. ఆ మందు కడిగితే పోయేది కాదు.

ఇక పని ఎట్లా చేయాలో చూద్దాం. ముందుగా బిందెను సబ్బుతో కడిగి, నీడన బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే వేడికి ఆవిరై అతుకులో బుడగలు కడుతుంది. తరువాత నెర్రె రెండు కొసల దగ్గరా కాల్చిన దబ్బనంతో సన్నని రంధ్రం చేయండి. “ఉన్న తూటు చాలక ఇంకో రెండా?” అనకండి. పగులు ఎప్పుడూ వాడి కొస నుంచే పాకుతుంది. ఆ కొసను గుండ్రం చేస్తే అక్కడ ఆగుతుంది. తరువాత నెర్రె పొడుగునా బ్లేడుతో నాగటిచాలులాగా గీసి, చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున గరుకుకాగితంతో రుద్దండి. సైకిలు ట్యూబుకు పంచరు వేసేవాళ్ళు రుద్దుతారు చూడండి, అట్లాగన్నమాట.

రేడియోలు బాగుచేసేవాళ్ళు వాడే సాల్డరింగ్ ఐరన్ ఉంటే మంచిది. లేకపోతే కట్టె పిడి ఉన్న పాత చాకు చాలు. చాకును స్టవు మీద కాచి, స్టవు ఆర్పి, పక్కకు వచ్చి పని చేయాలి. మంట నేరుగా ప్లాస్టిక్కుకు తగిలించకూడదు. తగిలితే మాడి మసి పడుతుంది, మసి ఉన్నచోట అతుకు నిలవదు. గట్టి పాలిథిన్ సుమారు 130 డిగ్రీల దగ్గర, పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతాయి. మరిగే నీళ్ళే 100 డిగ్రీలు కదా, కాబట్టి ఎర్రగా కాల్చిన చాకు అవసరం లేదు. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందని గుర్తు.

కాగిన చాకుకు ఒకపక్క పట్టీ కొస, ఇంకోపక్క బిందె అడుగు ఒకేసారి తాకాలి. రెండూ నిగనిగలాడుతూ మెత్తబడాలి. ఒక్క పట్టీనే కరిగించి బొట్లు బొట్లుగా పోస్తే, చల్లని పెనం మీద పోసిన దోసెపిండి లాగా పైన ఉండిపోతుంది. మెత్తబడినది చాలులోకి నొక్కి, చాకు మొనతో రెండూ కలిసేదాకా కలియబెట్టండి. ఇట్లా అంగుళం అంగుళం చేసుకుంటూ పోవాలి. అతుకు కొంచెం ఉబ్బుగానే వదలండి. లోపలికి చెయ్యి పట్టే బిందె అయితే లోపలివైపు కూడా ఒకసారి వేయండి. పట్టకపోతే బయటే వెడల్పుగా ఒక బిళ్ళ వేసి అంచులన్నీ కరిగించి కలపండి. నీళ్ళు చల్లకుండా దానంతటదే ఆరనివ్వాలి. ఆరాక ఎత్తుగా ఉన్నది బ్లేడుతో చెక్కేస్తే బిందె ఒరగకుండా కూర్చుంటుంది. చివరికి నిండా నీళ్ళు పోసి, పాత పత్రిక మీద రాత్రంతా ఉంచండి. పొద్దునకు కాగితం పొడిగా ఉంటేనే చంకకెత్తండి.

ఈ విద్య మన పెరట్లోదే అనుకునేరు! మా చెల్లెలి కొడుకు అమెరికాలో కొలరాడోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ చలికాలంలో కొండలన్నీ మంచు. కాళ్ళకు ఒక వెడల్పాటి పలక బిగించుకుని మంచు మీద జారే ఆట ఆడతారు. స్నోబోర్డు అంటారట. మంచు పలచగా ఉన్నచోట రాయి తగిలి వీడి పలక అడుగు లోతుగా గీసుకుపోయింది. ఫోనులో బొమ్మ చూపించి, “పెద్దమ్మా, నీ బిందె మాటే వేస్తున్నాను చూడు” అన్నాడు. ఆ పలక అడుగు కూడా పాలిథినే! దానికోసం పాలిథిన్ కడ్డీలు కొవ్వొత్తుల్లాగా అమ్ముతారు. గీత చుట్టూ లేచిన పీచు కోసి, శుభ్రం చేసి, కడ్డీ వెలిగించి, మసి రాకుండా మంటను పలక దగ్గరగా చిన్నగా ఉంచి గీతలో బొట్లు వేస్తారు. అవి చల్లారాక ఇనుపరేకుతో సమంగా గీకి, మైనం పూస్తారు. బొట్లు వద్దని ఇప్పుడే కదా చెప్పావంటారా? వాళ్ళకు గీత నిండి నునుపైతే చాలు. మనకు పదిహేను లీటర్ల నీళ్ళ బరువు ఆగాలి. అందుకే మనం రెంటినీ కరిగించి కలపాలి. అయితే వాడు ఇంకొక మాట కూడా చెప్పాడు. దెబ్బ పలక లోపలి కట్టెదాకా దిగితే బొట్లు పనికిరావు. కట్టెకు పాలిథిన్ అంటదు, లోపలికి నీరు దిగి పలక పాడవుతుంది. అప్పుడు ఆ మేర కోసి, కొత్త ముక్క వేరే విధంగా అతికించాల్సిందే.

మనకూ అట్లాంటి హద్దు ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి మిద్దెమీద ఎండలో పడి ఉన్న బిందెను గోరుతో గీరి చూడండి. తెల్లటి పొడి రాలినా, నొక్కితే పెళుసుగా చిట్లినా అది మాటుకు పనికిరాదు. ఎండ దాని ప్రాణం తీసేసింది. ఒకచోట అతికితే పక్కన పగులుతుంది. అటువంటి దానిని పాతసామాన్లకు వేసేయండి. అందుకే కొత్త బిందెనైనా నీడన ఉంచడం అలవాటు చేసుకోండి.

జాగ్రత్తలు రెండు మూడు చెప్పి ముగిస్తాను. తలుపులు, కిటికీలు తెరిచి, వీలైతే పెరట్లో ఈ పని చేయండి. నైలాన్ చీరలు వద్దు, నూలు చీర కట్టుకుని కొంగు దోపుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కరిగిన ప్లాస్టిక్ చేతిమీద పడితే పీకవద్దు, చర్మంతో సహా వస్తుంది. ఇరవై నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచి డాక్టరుకు చూపించండి. అతికిన బిందె వాడకం నీళ్ళకే ఉంచండి. అతుకు గరుకులో పాచి చేరుతుంది కనుక తాగే నీళ్ళకు మంచి బిందె వేరే పెట్టుకోండి.

నా పాత బిందె ఇప్పటికీ స్నానాలగదిలో ఉంది. అడుగున మూడు మాట్లు. చూడ్డానికి అందంగా లేదు గానీ చుక్క కారదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మెట్లూ, మా అత్తగారి చంకన ఉన్న బిందే గుర్తొస్తాయి. మీ ఇంట్లో ఎవరికీ ఆ అవస్థ రాకూడదనే ఇంత చెప్పాను.

సెలవు.