చదువలేకపోయినపుడు స్కానరు ఏమి చెప్పవలెను?

హైదరాబాదు–విజయవాడ రహదారిపై చిల్లకల్లు టోల్‌గేటు వద్ద, వాహనపు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ను పైనున్న యంత్రం క్షణంలో చదివి గేటు ఎత్తించటం మనకు నిత్యపరిచితమైన దృశ్యమే. 2021 ఫిబ్రవరి నుండి ఇది తప్పనిసరి అయినది. ఆ దారినే రాత్రింబవళ్ళు సాగిపోయే లారీలలోని పార్సిళ్ళకును ఇటువంటి పరీక్షయే జరుగుతుంది గాని, అది మన కంటికి కనబడదు. పెద్ద సార్టింగు కేంద్రాలలో పెట్టెలు కన్వేయరు బెల్టుపై వరుసగా పోవుచుండగా, స్కానరు వాటి బార్‌కోడును చదివి కంప్యూటరుకు సందేశం పంపుతుంది. ఏ పెట్టె ఏ ఊరి దారి పట్టవలెనో ఆ కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ సందేశాన్ని ఎట్లు అమర్చవలెనన్నదే ఈ వ్యాసవిషయం.

ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. మన కళాశాలలో ఈ రెండును పక్కపక్కనే కూర్చుని చదువుకొంటాము. బార్‌కోడుకు ఈ భేదం లేదు. కోడ్ 128 వంటి వాటిలో ఆరంభపు గుర్తు వేరు, ముగింపు గుర్తు వేరు. కాబట్టి పెట్టె తలక్రిందులుగా వచ్చినను, స్కానరు తాను ఏ కొస నుండి చదువుచున్నదో గ్రహించి అంకెలను సరియైన క్రమంలోనే అందిస్తుంది.

అయితే అంకెలు మాత్రమే పంపితే చాలదు. ఎక్కడ ఒక సందేశం ముగిసి మరొకటి మొదలైనదో వినువారికి తెలియవలెను గదా! అందుచేత ముందు ఆస్కీ పట్టికలోని 2వ సంకేతాన్ని, చివర 3వ సంకేతాన్ని ఉంచటం వాడుక. మధ్యలో పెట్టె వరుస సంఖ్య, ఒక విభజన చిహ్నం, పిదప బార్‌కోడు అంకెలు ఉంటాయి. స్కానరు ఏ క్రమంలో పంపుచున్నదో కంప్యూటరు ఆ క్రమంలోనే ఎదురుచూడవలెను. ఒక్క చిహ్నం తేడా వచ్చినను సందేశమంతా వ్యర్థమే.

ఇక కాలం సంగతి. బెల్టు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోవుచున్నదనుకొందాము. పెట్టెను పక్కకు నెట్టే చేయి 3 మీటర్ల దూరంలో ఉంటే, చదువుట, సందేశం పంపుట, జవాబు వచ్చుట, చేయి కదలుట, ఇవన్నియు ఒకటిన్నర సెకనులో ముగియవలెను. పాతకాలపు సీరియల్ తీగపై సెకనుకు 9,600 బిట్ల వేగంతో 20 అక్షరాల సందేశానికి పట్టేది సుమారు 21 మిల్లీ సెకనులే. కాబట్టి ఆలస్యం తీగలో లేదు. సందేశాన్ని ఎప్పుడు పంపవలెనన్న అమరికలో ఉన్నది. చదివిన వెంటనే పంపితే అదే పెట్టెపై ఉన్న రెండవ చీటీ సంగతి తెలియదు. పెట్టె వెనుక అంచు ఫొటోసెల్‌ను దాటిన పిమ్మట పంపుటయే మేలు. ఆ దూరాన్ని గడియారంతో గాక, బెల్టు రోలరుకు బిగించిన ఎన్‌కోడరుతో కొలవవలెను. ఏలనగా బెల్టు మధ్యలో ఆగినపుడు గడియారం ఆగదు.

అన్నింటికంటె ముఖ్యమైన అమరిక ‘చదువలేదు’ అను సందేశం. చీటీ చినిగినపుడో, అడుగుభాగానికి పోయినపుడో స్కానరు మౌనం వహించినదనుకొందాము. కంప్యూటరు సందేశాలను వచ్చిన వరుసలో పెట్టెలకు జతచేయుచున్నచో, నాలుగవ పెట్టె సంఖ్య మూడవ దానికి అంటుకొంటుంది. అయిదవది నాలుగవదానికి పోతుంది. ఆపైన వచ్చే పెట్టెలన్నియు ఒక్కొక్క స్థానం తప్పుతాయి. జగ్గయ్యపేటలోని ఒక విద్యార్థికి రావలసిన సర్టిఫికెట్లు నెల్లూరు సంచిలో పడవచ్చును. నందిగామలోని రోగికి రావలసిన మందు మరెక్కడికో పోవచ్చును. నిజానికి చినిగిన చీటీ వీరిది కాదు, మూడవవానిది! కొందరు పర్యవేక్షకులు, తెరపై ఇటువంటి సందేశాలు ఎక్కువైనవని విసిగి దీనిని ఆపివేస్తారు. ఇది జ్వరమానిని దాచి జ్వరం తగ్గినదనుకొనుట వంటిది. చదివినను చదువకున్నను, ఫొటోసెల్‌ను దాటిన ప్రతి పెట్టెకును ఒక సందేశం పోవలెను. దానిలో వరుస సంఖ్య ఉండవలెను.

పాత అట్టపెట్టెను తిరిగి వాడినపుడు రెండు చీటీలు ఉండిపోవుట సాధారణమే. అప్పుడు స్కానరు ఏదో ఒకటి ఎంచుకొనరాదు. ‘ఒకటికి మించి’ అని వేరుగా చెప్పి, పెట్టెను మనిషి చూచే బల్ల వద్దకు పంపించవలెను.

తప్పుగా చదివిన అంకెను పట్టుకొనుటకు మరొక ఉపాయం గలదు. స్పీడుపోస్టు సంఖ్యలోని తొమ్మిదవ అంకె కేవలం తనిఖీకే. మొదటి ఎనిమిదింటిని వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 లతో హెచ్చించి, కూడి, 11తో భాగించి, శేషాన్ని 11 నుండి తీసివేయవలెను. ఉదాహరణకు 12345678 అయితే మొత్తం 204, శేషం 6, తనిఖీ అంకె 5. (ఫలితం 10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు.) మీ ఇంటికి వచ్చిన కవరు తీసుకొని లెక్క వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

అమరిక పూర్తియైన పిదప బెల్టుపై నాలుగు పెట్టెలు వదలవలెను: మంచి చీటీ గలది, చినిగిన చీటీ గలది, రెండు చీటీలు గలది, అసలు చీటీ లేనిది. నాలుగు సందేశాలు, నాలుగు వరుస సంఖ్యలతో, వచ్చిన తరువాతనే రాత్రి లారీ సరుకును బెల్టుపైకి ఎక్కించవలెను.