కరెంటు పోయిన రాత్రి రొయ్యల చెరువు

పట్టణములలో కొందరు గాజు తొట్టెలలో రంగు చేపలను పెంచుట మన సభ్యులు చూచియే యుందురు. ఆ తొట్టెలో నొక చిన్న యంత్రము గాలి బుడగలను విడుచుచుండును. కరెంటు పోయినచో ఆ యంత్రము నిలిచిపోవును. కొంతసేపటికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. ఇంటివారు బ్యాటరీతో నడచు చిన్న పంపు నొకటి పెట్టుకొనిరేని, లేదా చెంబుతో నీరు ముంచి పైనుండి ధారగా పోయుచుండిరేని, గండము గడచును. భీమవరము, ఆకివీడు, మొగల్తూరు ప్రాంతముల రొయ్యల చెరువులకు వచ్చు నాపదయు నిదియే. భేదమేమనగా, మన తొట్టె యెకరము విస్తీర్ణము గలది. దానికి చెంబు చాలదు.

టైగరు రొయ్యను పెంచిన కాలమున పిల్లను పలుచగా వేసెడివారు. 2009వ సంవత్సరమున వనామీ సాగునకు అనుమతి వచ్చిన పిమ్మట చదరపు మీటరునకు 60 పిల్లలవరకును వేయుట కవకాశము కలిగినది. దిగుబడి పెరిగినది, దానితోబాటు చెరువు ప్రాణము కరెంటు తీగకు వ్రేలాడుచున్నది. ఎకరమునకు రెండు టన్నుల రొయ్య యున్నదనుకొందము. కిలో 200 రూపాయల తక్కువ ధర కట్టినను నాలుగు లక్షలు. ఇంత సొత్తును ఒక్క తెల్లవారుజాము తుడిచిపెట్టగలదు.

తెల్లవారుజామే యేల? పగలు నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు, మనవారు ప్లాంక్టన్ అని పిలుచునవి, సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు ప్రాణవాయువును విడుచును. సూర్యాస్తమయముతో నా పని నిలిచిపోవును. అప్పటినుండి ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లుచున్న మేత, మలము, బురదలోని సూక్ష్మక్రిములు అన్నియు ప్రాణవాయువును తినుచునే యుండును; ఇచ్చునది లేదు. కావున సూర్యోదయమునకు ముందుగా అది మిక్కిలి తగ్గును. నీరు చిక్కని పచ్చరంగుతో నున్న చెరువు పగలు బలముగా కనుపించును గాని రాత్రి యదియే యెక్కువ తినును. మబ్బు పట్టిన దినమున ప్రాణవాయువు పుట్టునదే తక్కువ. అట్టి దినము తరువాత వచ్చు రాత్రి మరింత భయంకరము. తుపాను వేళ మబ్బును, కరెంటు లేమియు కలిసియే వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడును, 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడును తీర ప్రాంతముల వారు దీనిని చూచినారు.

నీటిలో లీటరునకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ ప్రాణవాయువున్నచో రొయ్య సుఖముగా నుండును. 2కు దిగినచో మేత మాని గట్లవెంట చేరి పైకి తేలును. 1కి దిగినచో చావు మొదలిడును. అప్పుడే పొర విడిచిన రొయ్య ముందుగా పోవును. రొయ్య అడుగున తిరుగు జీవి గనుక, అది పైకి తేలినదనగా అడుగున గాలి లేదని యర్థము. అప్పటికే ఆలస్యమైనదని తెలిసికొనవలెను.

చెరువునకు ఎన్ని గంటల గడువున్నదో ముందుగానే తెలిసికొనుట కొక సులువైన పద్ధతి గలదు. ఏరియేటర్లు తిరుగకయున్న సాయంకాలము 7 గంటలకు డి.ఓ. మీటరుతో ఒకసారియు, 10 గంటలకు మరియొకసారియు కొలువవలెను. 7 గంటలకు 8 మిల్లీగ్రాములు, 10 గంటలకు ఆరున్నర యున్నదనుడు. మూడు గంటలకు ఒకటిన్నర, అనగా గంటకు అర మిల్లీగ్రాము తగ్గుచున్నది. ఉదయము 6 గంటలకు మరి 8 గంటలున్నవి గనుక మరి 4 తగ్గి రెండున్నర మిగులును. ఇట్టి చెరువులో ఏరియేటర్లు 4 దగ్గర నిలిపియుండగా రాత్రి రెండింటికి కరెంటు పోయినచో, 2కు దిగుటకు నాలుగు గంటలు పట్టును. పట్టుబడి దగ్గరపడి మేత హెచ్చిన చెరువులో ఆ తగ్గుదల గంటకు ఒక మిల్లీగ్రాము కూడ కావచ్చును; అప్పుడు గడువు రెండు గంటలే. వారమున కొకసారి యీ లెక్క వ్రాసిపెట్టుకొను రైతు, మేత సంచుల లెక్క మాత్రమే వ్రాయువానికంటె తన చెరువును బాగుగా నెరుగును. మీటరు ఖరీదైనదని కొందరందురు. పదిమంది రైతులకు ఒక మీటరు చాలును. సంఘములున్నవి యిట్టి వానికే గదా.

ఇక జనరేటరు సంగతి. ఒక హార్సుపవరు ఏరియేటరు 400 నుండి 500 కిలోల రొయ్యను నిలుపునని లెక్క. నాలుగెకరములలో ఎనిమిది టన్నుల రొయ్య యున్నవానికి పదునారు హార్సుపవరు, అనగా రెండు హార్సుపవరు ఏరియేటర్లు ఎనిమిది కావలెను. హార్సుపవరుకు 746 వాట్లు. మోటారులో పోవు నష్టము కలుపుకొని సుమారు 15 కిలోవాట్ల కరెంటు లాగును. అది యించుమించు 19 కె.వి.ఏ. అగును. అయినను 20 కె.వి.ఏ. జనరేటరు కొని నిశ్చింతగా నుండరాదు. మోటారు బయలుదేరు క్షణమున ఐదారు రెట్లు కరెంటు లాగును. 25 కె.వి.ఏ. యంత్రము తీసికొని, ఏరియేటర్లను ఒకదాని వెనుక నొకటిగా, నడుమ కొంచెము వ్యవధి యిచ్చి, ప్రారంభించిన సరిపోవును. అన్నిటిని ఒక్కసారి వేసినచో ఇంజను కూలబడును.

చిన్న యంత్రమే యున్నవాడు నిరాశపడ నక్కరలేదు. సగము ఏరియేటర్లు తిరిగినను చాల మేలు. అప్పుడు ముదిరిన రొయ్య యున్న చెరువునకు ముందు వేసి, లేత పిల్లల చెరువును వెనుకకు ఉంచవలెను.

రెండు విషయములలో మాత్రము అశ్రద్ధ కూడదు. మొదటిది, ఛేంజ్ ఓవర్ స్విచ్చి. అది లేక జనరేటరు తీగను నేరుగా మెయినుకు కలిపినచో, మన కరెంటు వెనుకకు పారి, ట్రాన్స్‌ఫార్మరు మీదుగా పై లైనులోనికి హెచ్చు వోల్టేజితో పోవును. లైను చచ్చినదని నమ్మి స్తంభ మెక్కిన లైన్‌మాన్ ప్రాణము పోవచ్చును. రొయ్యను కాపాడుకొనబోయి మనిషిని చంపినవార మగుదుము. రెండవది, ఫేజుల వరుస. జనరేటరు ఫేజులు తారుమారైనచో ఏరియేటరు రెక్కలు వెనుకకు తిరుగును. చప్పుడు వచ్చుచుండును, నీరు సరిగా చిమ్మదు. చీకటిలో నది గుర్తింపరాదు. పగటివేళ ఒకసారి నడిపి చూచి, తీగలు సరిచేసి, గుర్తు పెట్టుకొనవలెను. మూడు ఫేజులలో ఒకటి మాత్రము పోయినప్పుడును మోటార్లు కాలిపోవును గనుక, దానిని పసిగట్టి మోటారును ఆపు సాధనము స్టార్టరులో నుండుట మంచిది.

జనరేటరు కొని షెడ్డులో పెట్టి గోనెసంచులు కప్పియుంచిన రైతులను మేము కొందరిని చూచితిమి. అవసరపు రాత్రి అది కదలదు. చాలసార్లు దోషము ఇంజనులో గాదు, దానిని ప్రారంభించు బ్యాటరీలో నుండును. వారమున కొకసారి ఏరియేటర్లను తగిలించి పదిహేను నిమిషములు నడపవలెను. ఆ 15 కిలోవాట్ల బరువునకు గంటకు నాలుగైదు లీటర్ల డీజిలు ఖర్చగును. సాధారణపు రాత్రికి ఇరువది లీటర్లు చాలును గాని, తుపాను వార్త విన్నప్పుడు మూడు రాత్రులకు, రాత్రికి పండ్రెండు గంటల చొప్పున, 180 లీటర్లు సమకూర్చుకొనవలెను. పొగ బయటకు పోవునట్లు షెడ్డు తెరపిగా నుండవలెను; మూసిన గదిలో ఆ పొగ కావలివానిని చంపును.

ఇన్వర్టరు బ్యాటరీలతో పని జరుగదా యని మమ్ము చాలమంది యడుగుచున్నారు. ఇంటిలో వాడు 12 వోల్టుల, 150 ఆంపియరు గంటల బ్యాటరీలో కాగితము మీద 1.8 యూనిట్లు మాత్రమే యున్నది. ఒక హార్సుపవరు మోటారును అది గంట, గంటన్నర నడుపునేమో. గాజు తొట్టెకును, నర్సరీ తొట్టెలోని చిన్న బ్లోయరుకును సరియే, చెరువునకు గాదు. అయితే ఆ బ్యాటరీకి మరియొక గొప్ప యుపయోగము గలదు. కరెంటు పోగానే మ్రోగు గంటను దానికి తగిలింపుడు. సెల్‌ఫోనుకు కబురంపు స్టార్టర్లు కూడ నేడు దొరకుచున్నవి. కావలివాని నిద్రకంటె జనరేటరు లేమి వలన జరిగిన నష్టము ఎక్కువని మేము చెప్పజాలము.

ప్రాణవాయువు నిచ్చు బిళ్లలు, గుళికలు చల్లిన చాలునని దుకాణములలో చెప్పుదురు. వానిలో సోడియం పెర్కార్బొనేటు ముఖ్యము. దాని తూకములో ప్రాణవాయువు నూటికి సుమారు 13 పాళ్లు. మీటరు ఇరువది సెంటీమీటర్ల లోతుగల యెకరపు చెరువులో 4,850 ఘనపు మీటర్ల నీరుండును. అందు ఒక్క మిల్లీగ్రాము పెంచుటకు 37 కిలోల గుళికలు కావలెను. చెరువు గంటకు అర మిల్లీగ్రాము తినుచుండగా ఆ 37 కిలోలు రెండు గంటల గడువు నిచ్చును. కావున రెండు మూడు కిలోలు చల్లి నిద్రపోవుట వ్యర్థము. జనరేటరు వచ్చులోపల, రొయ్యలు గుమిగూడిన మూలలందు చల్లుటకు మాత్రము కొంత నిలువ యుంచుకొనుట మంచిదే.

ఏ సాధనమును లేనివాడు చేయదగినది: మొదట మేత ఆపవలెను, మేత తిన్న రొయ్యకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను, మిగిలిన మేతయు కుళ్లి మరికొంత లాగును. తరువాత డీజిలు ఇంజనుతో చెరువు నీటినే తోడి, పలకమీదనో జల్లెడమీదనో పడునట్లు ఎత్తునుండి తిరిగి చెరువులోనికి చిమ్మవలెను. ట్రాక్టరుతో త్రిప్పు జనరేటర్లు గలవు. పదిమందికి ట్రాక్టర్లున్న యూరిలో అట్టి జనరేటరొకటి సంఘము పేర కొని, ఎవరి చెరువు లెక్క ప్రకారము గడువు తక్కువయో వారికి ముందు పంపుట మేలని మా యభిప్రాయము. కాని తుపానునాడు అందరి చెరువులును ఒక్కసారే యడుగును. ఆ వరుస ముందుగా సర్వసభ్య సమావేశములో నిర్ణయించుకొననిచో గట్టుమీద కలహము తప్పదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏరియేటర్లను ఒక్కొక్కటిగా వేయవలెను. తీగ తెగి నీటిలో పడినదేమో చూడక, స్విచ్చి తీయక, ఎవరును చెరువులో దిగరాదు. చచ్చిన రొయ్యను ఏరివేసి, ఆనాటి ఉదయపు మేత మాని, డి.ఓ. 4 దాటిన పిమ్మట చెక్‌ట్రేలో కొంచెము వేసి, తిన్నదో లేదో చూచి, రెండు మూడు దినములలో క్రమముగా పాత మోతాదునకు రావలెను.